మన లెక్క, వారి లెక్క

కొడకండ్ల వంటి ఊళ్ళలో పుట్టి పెరిగినవారికి, సర్కారు కాగితములో తమ సొత్తును గూర్చి వ్రాసినది తమ సొత్తుతో సరిపోలి తీరవలెనను నియమమేదియు లేదని వేరొకరు బోధింపనక్కఱలేదు. పట్వారీ వ్రాసిన పహాణీయే భూమికి ప్రమాణమై, ఆ వ్రాత యెవరికి అనుకూలముగా నున్నదో భూమియు వారిదే యని చెల్లిపోయిన దినములను మా పెద్దలు కన్నులార చూచిరి. 1984లో ఆ వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దయినవి; 2017లో భూరికార్డుల ప్రక్షాళనయు, 2020లో ధరణి యను భూరికార్డుల పోర్టలును, 2025లో దాని స్థానమున భూభారతియు వచ్చినవి. ఇన్ని మార్పుల నడుమను, శిస్తు రసీదులను, పాత పహాణీ నకళ్ళను, రిజిస్ట్రీ కాని తెల్లకాగితపు క్రయపత్రమైన సాదా బైనామాను ఇనుప పెట్టె అడుగున దాచుకొన్నవాడు తహసీలు కార్యాలయములో గొంతెత్తి మాటాడగలిగెను. లేనివాడు చెప్పులరుగ తిరిగెను.

ఇంతటి అనుభవము గడించిన మనమే ఆదాయపు పన్ను దగ్గఱకు వచ్చునప్పటికి, ఎందుచేతనో, అచ్చుకాగితమును వేదవాక్యముగా స్వీకరింతుము. 2021 నవంబరు నుండి శాఖవారు ‘ఏఐఎస్’ అను వార్షిక సమాచార పత్రమును మన ముందుంచుచున్నారు. అందులో వడ్డీలు, జీతములు, పింఛనులు, స్థలముల క్రయవిక్రయములు, షేర్ల లావాదేవీలు వరుసగా నుండును. అయితే అది శాఖవారు మనలను విచారించి వ్రాసినది కాదు. బ్యాంకులు, రిజిస్ట్రేషను కార్యాలయములు, జీతము నిచ్చువారు ఎవరికి వారు మన పాన్ సంఖ్యక్రింద పంపిన వివరముల కూర్పు మాత్రమే. పంపినవాడు ఒక అంకె తప్పినను, ఒకరి పద్దు మఱొకరిపై వేసినను, ఆ తప్పు యథాతథముగా అచ్చుపడును.

మా పెద్దబావ విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. ఒక జూన్ నెలలో ఆ పత్రమును అచ్చు తీయించుకొని, ముఖము కందగడ్డ చేసికొని వచ్చిరి.

“బామ్మర్దీ, గీ నలభై రెండు వేలు నేను ముట్టనే లేదు. మీ అక్క ఖాతాల పడ్డయ్. మరి నా మీద రాసిండ్రేంది?”

“బావా, బాండు మీద ముందు పేరు నీదే ఉన్నది గద!”

కథ యంతయు అందులోనే యున్నది. మా నాయన పసుపు కుంకుమల క్రింద అక్కకిచ్చిన చెలకను అమ్మగా వచ్చిన ఆరు లక్షలను, నూటికి ఏడు వడ్డీ చొప్పున ఇద్దరి పేర డిపాజిటు చేసిరి. జంటపేరుల ఖాతాలో మొదటి పేరువాని పాన్ క్రిందనే వడ్డీని చూపుట బ్యాంకులకు వాడుక. డబ్బు అక్కది, వడ్డీ చేరినది అక్క ఖాతాకు, పద్దు మాత్రము బావది. ముప్పదియేండ్లు పిల్లల హాజరుపట్టీలు తప్పులేక వ్రాసిన మా బావ దగ్గఱ దీనికి సాక్ష్యముగా ఫోనులోని సందేశములు తప్ప మఱేమియు లేవు. ఆ సమయమున అక్క వంటింటిలోనుండి పాలలెక్క పుస్తకమును తెచ్చి, చివరిపుటలు తెఱచి చూపినది: చెలక అమ్మిన దస్తావేజు సంఖ్య, బాండు తేది, మూడు నెలలకొకసారి 10,500 చొప్పున నాలుగు పద్దులు, ప్రక్కన టిక్కులు. అంతకంటె విలువైన పన్ను పత్రమును నేను చూచి యెఱుగను.

ఆ పుటల బలముతోనే ఏఐఎస్‌లో ఆ పద్దుకెదురుగా, ఇది వేరొక పాన్‌కు చెందినదని అభిప్రాయము నమోదు చేసితిమి. అక్క వడ్డీని అక్క లెక్కలోనే చూపితిమి. ఇట్టి అభిప్రాయమునకు పద్దు పంపినవారు ఏమి బదులు చెప్పిరో 2024 మే నుండి ఆ పత్రములోనే కనబడుచున్నది. మూలమున పట్టిన పన్ను కూడ అసలు యజమాని పేర జమపడవలెనన్నచో, ముందుగానే బ్యాంకునకు వాంగ్మూలము వ్రాసియిచ్చుటకు నిబంధన కలదు. దానిని వాడుకొనువారు మాత్రము అరుదు.

ఆతురపరులకొక మాట. జనవరి మొదలు మార్చి వఱకు పట్టిన పన్ను వివరములు సమర్పించుటకు జీతము నిచ్చువారికిని, బ్యాంకులకును మే 31 వఱకు గడువుండును. జీతముపై పట్టిన పన్నుకు ధ్రువపత్రమైన ఫారం 16 చేతికి వచ్చుటకు జూన్ 15. ఏప్రిలులోనే పత్రమును తెఱచి, “నా పన్ను జమ కాలేద”ని గుండెలు బాదుకొనుట వ్యర్థము.

సేద్యగాండ్ర సంగతి వేఱు. వ్యవసాయాదాయమునకు పన్ను లేదు గాని, పొదుపు ఖాతాలో ఏడాదికి పది లక్షలు గాని అంతకు మించి గాని నగదు పడినచో బ్యాంకు ఆ మాట శాఖకు చేరవేయును. ఆ పత్రములో నగదు కనబడును, పత్తి కనబడదు. పత్తిని చూపవలసినది తక్‌పట్టీ. వరంగల్ ఏనుమాముల మార్కెటులోనో, జనగామలోనో అడ్తిదారు చేతికిచ్చు ఆ చీటీలో తేది, బస్తాలు, తూకము, ధర, హమాలీ, దడ్వాయి కోతలు అన్నియు నుండును. అమ్మినవాని కండ్లయెదుటనే వ్రాయబడుటచేత నాకు దానిపై ఏఐఎస్‌పై కంటె గౌరవమెక్కువ. కాని దాని కార్బను అక్షరములు రెండు మూడు వానకాలములు దాటునప్పటికి వెలిసిపోవును. ఇంటికి చేరిన రాత్రియే ఫోనుతో ఫోటో తీసి, ఏ చేని పంటయో వెనుకవైపు వ్రాసియుంచుకొనవలెను.

పట్టణములలో కమీషను పుచ్చుకొని, లేని విరాళములు, లేని ఇంటద్దెలు చూపి రిఫండు తెప్పించు మధ్యవర్తులు కొందఱు కలరు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతట ఇట్టివారిపై సోదాలు జరిపినది. వారికి కాగితములతో పనిలేదు. నోటీసు మాత్రము మన పేర వచ్చును.

ఈ కాగితములను ఎంతకాలము దాచవలెనందురా? 2024 నాటి సవరణ ననుసరించి, పాత లెక్కను తిరగదోడుటకు మదింపు సంవత్సరము ముగిసిన పిమ్మట సాధారణముగా మూడేండ్ల మూడు నెలలు, తప్పిన ఆదాయము యాబది లక్షలు గాని అంతకు మించి గాని యున్నచో ఐదేండ్ల మూడు నెలలు గడువు. ఇంటిస్థలముల కాగితములకు ఈ లెక్క వర్తింపదు. జనగామలో ఎప్పుడో కొన్న స్థలమును అమ్మిననాడు కొనుగోలు ధర చూపవలెను. 2001 ఏప్రిల్ 1కి పూర్వము కొన్నదైనచో ఆ తేదినాటి విలువను తీసికొనవచ్చును. అందుకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో ఆనాటి మార్కెటు విలువ పత్రమును, అమ్మకము మాట రాకముందే, అడిగి తెచ్చుకొనుట సుకరము.