సాయానికొచ్చిన మనిషికి ఏం పని చెబుతాం?

గోదావరి జిల్లాల్లో దాతలకు ఎప్పుడూ కరువు లేదు. సత్రం గది, బడి వరండా, ఆసుపత్రి మంచం, చివరికి శ్మశానం ప్రహరీ గోడ, దేని దగ్గర నిలబడినా పాలరాయి మీద ఒక పేరు కనిపిస్తుంది. చేతిసాయానికీ లోటు లేదు. 1986 ఆగస్టు వరదలప్పుడూ, 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసినప్పుడూ, 2022 జూలైలో లంకలు మునిగినప్పుడూ ఎవరూ పిలవకుండానే జనం కదిలారు. అయినా ప్రతి వరదలోనూ ఒకటే ఫిర్యాదు వినిపిస్తుంది. రోడ్డు పక్క ఊరికి పూటకి మూడు సంఘాల పులిహోర పొట్లాలు అందుతాయి, పడవ ఉంటే తప్ప చేరలేని లంకకి మంచినీళ్ళు కూడా సాయంత్రానికి గాని చేరవు. పొట్లాలు కట్టడానికి వందమంది ఉంటారు. ఏ పడవ ఎటు వెళ్ళాలో చెప్పే మనిషి, చెబితే మిగిలినవాళ్ళు వినే మనిషి ఉండరు. సేవాసంస్థ నడపడమంటే మనవాళ్ళ లెక్కలో చందాలు పోగుచెయ్యడం. నా లెక్కలో అది రెండో పని. సాయానికి వచ్చిన మనిషికి ఫలానా పని నీదని ఒప్పజెప్పి, దానికి సరిపడా అధికారం ఇచ్చి, ఎవరు ఎదురొచ్చినా అతని వెనక నిలబడడం మొదటి పని. మన సంస్థలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

దీనికి సాక్ష్యం కోసం దూరం వెళ్ళక్కర్లేదు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. వాటితోపాటు ఖద్దరు ప్రదర్శన పెట్టారు. దాని గుమ్మం దగ్గర వాలంటీరు రాజమండ్రిలో పుట్టిన పద్నాలుగేళ్ళ దుర్గాబాయి. టికెట్ లేనివాళ్ళని లోపలికి వదలొద్దని ఆమెకి చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు, ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి మందలిస్తే, మీరు చెప్పిందే చేశానంది. ఆఖరికి వాళ్ళు టికెట్ కొన్నాకే ఆయన్ని వెళ్ళనిచ్చింది. నెహ్రూ మెచ్చుకున్నారు. ఈ ఉదంతాన్ని అందరూ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు అందులో ధైర్యంతోపాటు ఒక ఏర్పాటు కనిపిస్తుంది. ఆమెకి అప్పజెప్పిన పని ఒక్క వాక్యంలో ఉంది, అందులో మినహాయింపులు లేవు. నిర్వాహకులు ముందు తడబడినా చివరికి డబ్బిచ్చి టికెట్ కొన్నారు, ఆ పిల్లని పక్కకి నెట్టలేదు. నెట్టి ఉంటే నెహ్రూకి పోయేదేమీ లేదు. తరవాతి గంటలో నాయకుల పేర్లు చెప్పుకునే ప్రతివాడూ లోపలికి నడిచేవాడు, ఆమె కూడా అడగడం మానేసేది. ప్రెసిడెంటుగారి బావమరిది వచ్చేదాకా మాత్రమే అమల్లో ఉండే నియమాలు మన సంఘాల్లో ఎన్ని లేవు!

అవే మహాసభల్లో, డాక్టర్ ఎన్.ఎస్. హర్డీకర్ పూనికతో, దేశం మొత్తానికీ ఒక వాలంటీర్ల సంస్థకి పునాది పడింది. హిందుస్తానీ సేవాదళ్ పుట్టింది కాకినాడలోనని ఇప్పుడు కాకినాడలోనే చాలామందికి గుర్తులేదు. అంతకు ముందు వాలంటీర్లు లేకపోలేదు గాని వాళ్ళలో క్రమశిక్షణ, ఒక కట్టు తక్కువగా ఉండేవని నెహ్రూ ఆత్మకథలో రాసుకున్నారు. ఆ పనికి పెద్ద పెద్ద కాంగ్రెస్ నాయకులే అడ్డుచెప్పడం చూసి ఆశ్చర్యపోయానని కూడా రాశారు. ఇది కాంగ్రెస్‌లోకి సైన్యాన్ని తేవడమేనని కొందరు భయపడ్డారు. పైవాళ్ళు చెప్పింది చేస్తే చాలదా, వాలంటీర్లకి శిక్షణ దేనికని కొందరన్నారు. కవాతుకీ అహింసకీ పొసగదేమోనన్న శంక ఇంకొందరిది. వందేళ్ళు దాటాయి, అభ్యంతరాలు పెద్దగా మారలేదు. నియమాలు పెడితే సేవాభావం చచ్చిపోతుందని ఇవాళ అనేవాళ్ళు, ఆ రోజు రెండో రకంవాళ్ళకి వారసులు. వాళ్ళకి కావలసింది చెప్పినమాట వినే మనిషి. పని తెలిసిన మనిషి ప్రశ్నలు వేస్తాడు, అది ఇబ్బంది.

మనది మనసుతో చేసే సేవ, ఈ కాగితాలు మనకి పడవు అనేవాళ్ళని ఒకసారి షష్ఠి తీర్థంలోనో, శ్రీరామనవమి పందిట్లోనో సంతర్పణ వడ్డన చూడమంటాను. పప్పు బాల్చీ పట్టుకున్నవాడు పులుసు జోలికి పోడు. నెయ్యి వేసేవాణ్ణి ఏరి పెడతారు, మరీ ఉదారమైన చెయ్యి పనికిరాదు, మరీ బిగిసిన చెయ్యి అసలే పనికిరాదు. విస్తళ్ళు ఎత్తేవాళ్ళు వేరు, చేతులకి నీళ్ళిచ్చేవాళ్ళు వేరు. పంక్తి చివర ఒక పెద్దాయన నిలబడి ఉంటాడు. ఆయన గరిటె పట్టడు, ‘ఆ మూల అన్నం’ అంటాడంతే. ఇంతకు మించిన నిర్వహణ ఏ కాలేజీలో నేర్పుతారు? అది రాతలో లేకపోయినా నడుస్తుంది. ఎందుకంటే పని ఒక్కపూటది, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు, తేడా వస్తే అక్కడికక్కడే కేక వినిపిస్తుంది. ఏడాది పొడవునా నడిచే వృద్ధాశ్రమానికో, రక్తదాతల సంఘానికో, పిల్లల సాయంకాలం బడికో ఈ మూడు సదుపాయాలూ ఉండవు. పొద్దుట వచ్చినవాడు సాయంత్రం వచ్చేవాణ్ణి చూడడు. మందుల సీసా ఎవరు తెచ్చారో, ఏ ముసలమ్మకి ఎన్ని మాత్రలు ఇచ్చారో పుస్తకంలో లేకపోతే ఇక ఎక్కడా లేనట్టే. ఆ పుస్తకం చేసేది పంక్తి చివరి పెద్దాయన పనే.

డొక్కా సీతమ్మగారికి ఏ కార్యవర్గం ఉంది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లంకల గన్నవరంలో ఆవిడ (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా పొయ్యి వెలిగించి అన్నం పెట్టారు. భర్త జోగన్నగారి పొలం పంటే పెట్టుబడి. మినిట్స్ పుస్తకం లేదు, ఆడిట్ లేదు. ఆ అన్నానికి వంక పెట్టే అర్హత ఎవరికీ లేదు. కాని అది ఒక ఇంటి సేవ. ఆ ఇంటి మనసూ ఆ ఇంటి గాదే నిండుగా ఉన్నన్నాళ్ళూ సాగే సేవ. ఇవాళ ఆవిడ పేరు గన్నవరం అక్విడక్టు మీద ఉంది, బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకం మీద ఉంది. అన్నం వండించేది మాత్రం ప్రభుత్వం. వీరేశలింగం పంతులుగారికి ఈ చిక్కు తెలిసినట్టుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేసేనాటికి ఆయనకున్న బలగం కొద్దిమంది స్నేహితులు, విద్యార్థులు, కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి డబ్బు. వెలి భయంతో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ కూడా మొహం చాటేసిన రోజులవి. స్నేహాల మీద నడిచిన ఆ పనిని పాతికేళ్ళ తరవాత, 1906లో, హితకారిణీ సమాజం అనే కట్టడిలోకి తెచ్చారు. తన ఆస్తి దానికి రాసిచ్చారు. 1919లో ఆయన పోయినా ఆయన పేరుమీద విద్యాసంస్థలు రాజమండ్రిలో ఇప్పటికీ నడుస్తున్నాయి. అక్కడికి పంతులుగారి లెక్క నిజమైంది. కాని పెత్తనం చివరికి దేవాదాయ శాఖ చేతికి వెళ్ళింది. నాళం కృష్ణారావుగారు కుర్రతనంలో, 1898లో, మొదలుపెట్టిన వసురాయ గ్రంథాలయం గౌతమీ గ్రంథాలయమై పెరిగి, అదీ తరవాత ప్రభుత్వపరమైంది. ప్రభుత్వం తీసుకోబట్టే మిగిలాయి కదా అనొచ్చు, కాదనను. నా బాధల్లా, ఊరు పుట్టించిన సంస్థని ఊరే నడపలేకపోవడం. ఆస్తిని దస్తావేజు రాసి అప్పగించొచ్చు. బాధ్యతని అలా అప్పగించలేం. పదేళ్ళపాటు బీరువా తాళాలు, చెక్కు పుస్తకం చేతిలో ఉండి తప్పొప్పులు పడ్డవాడికే అది వస్తుంది. స్థాపకుడు బతికున్నంతకాలం తాళాలు తన మొలకే ఉంచుకుంటే తన తరవాత నడిపే మనిషి ఎక్కడ తయారవుతాడు?

గుమ్మం దగ్గర నిలబడ్డ దుర్గాబాయి పెద్దయ్యాక సంస్థల్ని నిలబెట్టే ఈ పని మీదే కూర్చున్నారు. మద్రాసులో చిన్నపిల్లల సంఘంగా మొదలుపెట్టినదాన్ని ఆంధ్ర మహిళా సభగా పెంచారు. 1981లో ఆవిడ పోయాక కూడా ఆ సభ నిలబడింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. స్వచ్ఛంద సంస్థలకి సాయం చెయ్యడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ బోర్డులో అధికారులకంటే ఎక్కువమంది సామాజిక కార్యకర్తలు ఉండేట్టు చూశారు. గ్రాంటు కావలసిన సంస్థ తన వంతు తాను వేసుకోవాలి, లెక్క చూపాలి. ఈ చివరి షరతు నాకు ముఖ్యంగా తోస్తుంది. మహిళా మండలి నడిపే ఆవిడకి జమాఖర్చుల పుస్తకం రాయడం అలవాటైతే గ్రాంటు ఆగిపోయిన రోజున కూడా ఆ అలవాటు మిగులుతుంది. ఇలాంటి సర్కారు సొమ్ము స్వచ్ఛంద సంస్థల్ని కాంట్రాక్టర్లుగా మార్చిందని, గ్రాంటు కోసమే పుట్టి గ్రాంటుతోనే పోయిన సంఘాలు బోలెడని విమర్శ ఉంది. నిజమే. అయితే ఆ జబ్బు పట్టింది లెక్కలు అడిగినందుకు కాదు, అడిగిన లెక్కని ఫారాలు నింపే పనిగా దిగజార్చినందుకు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఖర్చు గురించి వస్తుంది. పేదవాడి పేరు చెప్పి తెచ్చిన రూపాయిలో ఆఫీసు వాటా ఎంత అని దాత అడుగుతాడు. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించినప్పుడు పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. అనుమానానికి కారణం లేకపోలేదు. మన రాష్ట్రపు 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరు చెయ్యొచ్చు. ఆ ఏడుగురిలో అయిదుగురిది ఒకే ఇంటిపేరు, ఆఫీసు ప్రెసిడెంటుగారి మేడమీద గది. ఇలాంటి సంఘాలు తెలియనివాళ్ళెవరు? కాని దొంగని పట్టే వల మంచివాడి కాళ్ళకి చుట్టుకుంటోంది. బియ్యం పంచే సంస్థకి ఇరవై శాతం ఎక్కువే కావచ్చు. మద్యం మానినవాళ్ళతో కూర్చుని మాట్లాడే సంస్థకి మనిషి జీతమే పని, ఇంకో పని లేదు. ఇక వాలంటీరు ఉచితంగా వస్తాడన్నది మన భ్రమ. అతనికి బస్సు ఛార్జీ కావాలి, మధ్యాహ్నం భోజనం కావాలి, రెండు రోజుల శిక్షణ కావాలి, పడవ తిరగబడితే ఇంట్లోవాళ్ళకి బీమా డబ్బు రావాలి. ఎవరు ఏ రోజు వస్తారో చూసుకునే సమన్వయకర్త ఒకరు జీతం మీద ఉండాలి. ఇవి లేవన్నామంటే తీరికా మోటార్ సైకిలూ ఉన్నవాళ్ళే సేవకి వస్తారు. కడియం నర్సరీల్లో కూలికి వెళ్ళే అమ్మాయికి తన పేట పిల్లలకి చదువు చెప్పాలని ఉన్నా, చార్జీ డబ్బులు చేతినుంచి పెట్టుకోలేదు. నిర్వహణ ఖర్చు వద్దనే దాత తెలియకుండానే సేవని ఉన్నవాళ్ళ వ్యాపకంగా మారుస్తున్నాడు.

అయితే అందరికీ నెలకింత ఇచ్చేస్తే పోలా అనేవాళ్ళకి మనం ఈమధ్యే చూసిన ప్రయోగం ఉంది. 2019లో ప్రభుత్వం పెట్టిన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థలో మెచ్చుకోవలసింది ఒకటుంది: ఒక్కొక్కరికి యాభై ఇళ్ళు అని గిరి గీశారు. పింఛను అందలేదంటే ఎవర్ని అడగాలో ముసలమ్మకి తెలిసేది. చెడగొట్టింది ఆ మనిషి హోదా తేల్చకపోవడం. నెలకి అయిదు వేల గౌరవ వేతనం ఇచ్చి, ఉద్యోగిలా పని చేయించి, పెంచమని అడిగితే ఇది ఉద్యోగం కాదు సేవ అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగిపోయింది. రాజకీయాల సంగతి అలా ఉంచితే, జీతగాడికి జీతగాడి హక్కులు ఉండాలి, స్వచ్ఛందంగా వచ్చినవాడికి కాదనే హక్కు ఉండాలి. రెండూ లేని మనిషిని మధ్యలో వేలాడదీస్తే అటు సంఘమూ బాగుపడదు, ఇటు అతనూ బాగుపడడు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జూలై 14న, మొదటి రోజే, రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతికమందికి పైగా భక్తులు చనిపోయారు. తప్పెవరిదన్నది ఈ కాలమ్‌లో తేలే విషయం కాదు. ఈసారి కూడా కాలేజీ పిల్లలు, సేవాసంఘాలు వేలల్లో వస్తారు, టోపీలూ బ్యాడ్జీలూ కుట్టించడం జరిగిపోతుంది. మెట్లు నిండిపోయాయని గమనించిన ఇరవైయేళ్ళ కుర్రాడు ఎవరికి చెప్పాలి, చెప్పాక ఎన్ని నిమిషాల్లో ఏం జరగాలి, జరగకపోతే తాను ఏం చెయ్యొచ్చు అన్నది టోపీ మీద రాసి ఉండదు. ఒక్కో ఘాట్‌ని ఒక్కో సంఘానికి ముందుగానే అప్పజెప్పి, ఆ సంఘం ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో ఒక పేజీలో రాసి, కింద జిల్లా కలెక్టరు సంతకం పెట్టాలి. పేరు పేరునా బీమా కట్టాలి. పుష్కరాలకి ముందు వచ్చే కార్తీక మాసంలో అవే సంఘాలతో అవే ఘాట్లు నడిపించి చూడొచ్చు. కార్తీక స్నానాలకి జనం ఎలాగూ వస్తారు. ఏ సంఘం సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి కూడా మెట్లమీద ఉందో, ఏది మొదటి రోజు ఫోటో దిగి వెళ్ళిపోయిందో ఆ నెల రోజుల్లో తెలిసిపోతుంది.