పారసీక సంఖ్యాపదములలోని మూడు హకారములు

ఓరుగల్లు ప్రాంతమున వారమును హఫ్తా యనువారు నేటికిని గలరు. మృతికి నలువదవ దినమును మహమ్మదీయులు చెహెల్లుం అందురు. నిజాం రాజ్యపు పాతకాగితములు చూచినవారు అవ్వల్, దోయం, సోయం తాలూకుదారుల నెఱుగుదురు. వీనిలో అవ్వల్ అరబ్బీ, తక్కినవి పారసీకములు.

ఈ పదములు చెవినిబడగానే మన పండితులు చెప్పు తీర్పొకటి కలదు. సప్త హఫ్త్ అయ్యెను, దశ దహ్ అయ్యెను, సహస్రము హజార్ అయ్యెను. సకారమునకు హకారము వచ్చినది గావున పారసీకము సంస్కృతాపభ్రంశమే యని. నేనును చిరకాలము శిష్యులకిట్లే చెప్పితిని. సామ్యము సత్యమే గాని తీర్పు వ్యాకరణపరీక్షకు నిలువదు.

హఫ్త్ పదమునందలి హకారము మిక్కిలి ప్రాచీనము. అవెస్తాయందే హప్త యని యున్నది. దరయవుషుని శాసనములలో సింధుదేశము హిందు వైనదియు నీ మార్పుచేతనే. ఇది దంత్యసకారమునకు కలిగిన వికారము. ఇరానీయ భాషలన్నిటికిని సామాన్యము.

దశ శబ్దముననున్నది తాలవ్యశకారము. దీనికిని పై సూత్రమునే పట్టించుట శషసల భేదము నెఱిగినవారు చేయదగని పని. అవెస్తాయందు దస యనియే కలదు, హకారము లేదు. పుష్తో భాషలో దకారము లకారమై లస్ అయినను సకారము చెడలేదు. కాకసస్ పర్వతములయందలి ఒస్సెతులును దస్ అనియే యందురు. పారసీకమున మాత్రము ఆ స్థానమున నాలుక దంతములకానించి యూదు ఒక థకారము పుట్టి, అది అచ్చుల నడుమ హకారమై దహ్ అయినది. పదాదియందు అదియే సకారమయ్యెను; కావుననే శతము సద్ అయినది, హద్ కాలేదు. ఒక్క శకారమే దహ్ లో హకారముగను సద్ లో సకారముగను ఏల కనబడునో 'సకారము హకారమగును' అను నొక్క సూత్రము చెప్పజాలదు.

ఇక హష్త్. సంస్కృతమున అష్ట, అవెస్తాయందు అష్త. మొదట సకారమే లేనిచోట హకార మెక్కడిది? పొరుగింటి హఫ్త్ నుండి వచ్చినది! ఏకధాటిగ లెక్కించునపుడు ఒక సంఖ్య నోటిజాడ ప్రక్కదానికి అంటుట వింత కాదు. రష్యనులు తొమ్మిదిని దేవ్యాత్ అందురు. నవ శబ్దపు నకారము పోయి, పదియగు దేస్యాత్ నందలి దకారము దానికి పట్టినది.

అపభ్రంశవాదమునకు పెద్ద విఘాతము వేఱొకచోట నున్నది. వింశతి, త్రింశత్ మొదలగువానిని పాణిని ఐదవ అధ్యాయమున నిపాతనములుగా గ్రహించి విడిచెను. అవెస్తాయందు వీసఇతి, పారసీకమున బీస్త్, అనుస్వారము లేదు. గ్రీకుల ఎయికొసి యందును ఆ స్థానమున అనుస్వారము లేదు. కావున ఆ బిందువు మనవైపున చేరినదేగాని వారివైపున పోయినది కాదు. ఏకశబ్దమునకు మాఱుగా ప్రాచీన పారసీకమున ఐవ యుండెను. నేటి యక్, ఐవకు కప్రత్యయము చేరగా వచ్చినది. ఏకమునకు అచ్చముగ పోలియుండియు దాని సంతతి కాదు. మన ఏవకారము ఐవకు బంధువని పలువురు భాషావేత్తల మతము. క్రీస్తుకు పూర్వము 14వ శతాబ్ది ప్రాంతమున మితన్నీయుడగు కిక్కులి వ్రాయించిన అశ్వశిక్షాగ్రంథమునందు ఐక యని యుండుటచే, అప్పటికే యీ చీలిక యేర్పడెనని స్పష్టము.

అట్లని ప్రాచీనత యంతయు వారిదే యనరాదు. ఎనుబదికి మన అశీతి పాతది. అష్తాఇతి, హష్తాద్ అష్టశబ్దమునుబట్టి క్రొత్తగ కట్టినవి. ఇవి అక్కచెల్లెండ్ర భాషలు, తల్లి వేఱు.

సహస్రపు సంతతి మిక్కిలి వ్యాపించినది. హజార్ కు చుట్టమగు ఎజెర్ హంగరీ దేశమున నున్నది. తమిళుల ఆయిరము, కన్నడిగుల సావిరము ప్రాకృతముఖమున సహస్రము నుండి వచ్చినవే. తెలుగు వేయి మాత్రము ఈ కులమున చేరదు. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడి యీ దేశిపదముతోనే ప్రసిద్ధి కెక్కినది. 1323లో ఓరుగల్లును పట్టిన ఉలుగ్ ఖాను తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయి ఢిల్లీలో నివసించిన మందిరము పేరు హజార్ సుతూన్. దాని స్తంభములు రంగులు పూసిన కొయ్యవని ఇబ్న్ బతూతా వ్రాసెను. సుతూన్ మన స్థూణాశబ్దమునకు తోబుట్టువు. ఋగ్వేదమున మిత్రావరుణుల సదనమునకు చెప్పిన సహస్రస్థూణ మను పదమును, ఆ సుల్తాను మందిరపు పేరును అక్షరమక్షరము సరిపోవును. ఆ సంగతి అచటి పండితు డెవడైన ఆయనకు విన్నవించెనో లేదో!