ఊరి పేరు ముందు

వార్తాపత్రికలో ఒక వార్త నచ్చనియెడల పాఠకుడు కన్ను ప్రక్కకు త్రిప్పుకొనును, అర్థము కానియెడల మొదటి వాక్యమునకు మరలి వచ్చును; రేడియో ముందు కూర్చున్నవానికి ఈ రెండు స్వేచ్ఛలును లేవు. పది నిమిషముల ప్రాంతీయ వార్తలను కాగితముపై ఎక్కించి చూచినచో పత్రికలో ఒక పుటయైనను నిండదు. అందు శాసనసభయు, ధరవరలును, వాతావరణమును పోగా ఉత్తరాంధ్రమునకు దక్కునవి రెండు మూడు వాక్యములు. 1963లో విశాఖపట్నమున ఆకాశవాణి కేంద్రము వెలసిననాటినుండి శ్రీకాకుళము, విజయనగరములకు దగ్గరి గొంతు అదియే, ప్రైవేటు ఎఫ్.ఎం. వారికి స్వంతముగా వార్తలు కూర్చి చదువు అనుమతి మన దేశమున ఇంతవరకు లేదు గనుక, ఆ రెండు మూడు వాక్యములలో ఏది ఉండవలెనను విచారము చిన్నది కాదు. జిల్లా విలేకరిగా కొంతకాలము నేను వాటిని వ్రాసి పంపినవాడను.

వ్యావహారిక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట మా వంశధారానది యొడ్డుననే యున్నది. అట్టిచోట కూర్చుండి నేను గ్రాంథికమున వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఈ చాదస్తము కాలమ్ వఱకే. చెవికి పంపిన వాక్యమున దీనికి చోటీయలేదు. ‘సదరు’, ‘పైన పేర్కొన్న’ అను మాటలను సైతము కొట్టివేసితిని, ఏలయన వినువానికి ‘పైన’ అను చోటే లేదు.

వరద దినములలో అధికారుల ప్రకటన ఒకే మూసలో వచ్చును: ఒడిశా పరీవాహక ప్రాంతమున కురిసిన వర్షములవలన గొట్టా బ్యారేజికి ఇన్‌ఫ్లో పెరిగినదనియు, గేట్లెత్తి ఇన్ని క్యూసెక్కులు దిగువకు విడుచుచున్నామనియు, తీరవాసులు అప్రమత్తులై యుండవలెననియు. అన్నియు నిజములే. కాని గారలో వినుచున్న రైతు ‘ఒడిశా’ అను మాట చెవిని బడగనే చుట్ట వెలిగించుకొనుటకు లేచిపోవును. దానిని తలక్రిందులు చేసి ఇట్లు వ్రాయుచుంటిని: “జలుమూరు, నరసన్నపేట, పోలాకి, గార మండలాల్లో వంశధార ఒడ్డున ఉన్నవారు ఈ రాత్రి నదిలోకి దిగవద్దు. పశువులను ఒడ్డుకు తోలుకోండి. గొట్టా బ్యారేజి గేట్లు ఎత్తారు.” క్యూసెక్కులు చివరకు పోవును, కాలము చాలనిచో ముందుగా తెగునవియు అవియే. ఈ క్రమము నాకు నేర్పినది ఏ శిక్షణ తరగతియు గాదు, నరసన్నపేట బస్టాండులో వేరుసెనగకాయలమ్ము ఒక ముసలామె. “ఏటి బాబూ, ఊరి పేరు సివర్న సెప్తారు? ఊరు మాదో కాదో ముందు తెలిత్తే కదేటి ఇనడం!” అని నిలదీసినది. ఊరి పేరొక్కటియు చాలదు. వలస, పేట, పురములతో ముగియు గ్రామములు మాకు లెక్కకు మిక్కిలి గనుక, మండలము చెప్పక ఊరు చెప్పుట అర్ధరాత్రి వేఱొకరి తలుపు తట్టుట వంటిది.

ప్రారంభోత్సవములకును సన్మానములకును వార్తలో చోటు కోరుచు ఫోనులు వచ్చుచుండును. వరదకు ఎవరును సిఫారసు చేయరు.

2018 అక్టోబరు 11 తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినప్పుడు కరెంటు లేదు, సెల్‌ఫోనులు మూగవోయినవి. బ్యాటరీ రేడియో యున్న అరుగుచుట్టు జనము చేరుటయే ఆనాటి సమాచారవ్యవస్థ. రాష్ట్రమునకు పెద్ద వార్త నష్టపు అంచనా. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వారికి నష్టమెంతో వేఱుగా చెప్పనక్కఱలేదు, అది కన్నులయెదుటనే పడియున్నది. మంచినీటి ట్యాంకరు ఏ దారిన వచ్చును, ఏ రోడ్డున చెట్లు తొలగించిరి, బియ్యమెక్కడ ఇచ్చుచున్నారు, ఇవియే వారికి వార్తలు.

నన్ను మిక్కిలి తికమకపెట్టినవి మాత్రము జరుగని వార్తలు. 2018 నవంబరులో గుజరాత్ తీరమునకు వేటకు పోయిన మన మత్స్యకారులు పాకిస్తాన్ వారికి చిక్కి 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలైరి. చిక్కిన దినమును విడుదలైన దినమును దేశమంతటికి వార్తలే. నడుమ ఏడాదికి పైగా, ఎచ్చెర్ల తీరమున వారి కొఱకు కనిపెట్టుకొనియున్నవారికి కావలసిన వార్త ఒక్కటే, అది ఏ ఉదయమును జరుగలేదు. జరుగనిదానిని వార్త యనుటకు ఏ నియమమును ఒప్పుకొనదు. అయినను ఎవరో అధికారికి విజ్ఞప్తిపత్రమిచ్చిరను నెపముననో, మఱొక సాకుననో అప్పుడప్పుడు ఒక వాక్యము పంపుచుంటిని. “ఇందులో కొత్తేముంది మాస్టారూ?” అని డెస్కువారు అడుగుదురు. కొన్ని చదివిరి, కొన్ని తీసివేసిరి. తీసివేసిన ఒకనాడు కోపముతోనే బులెటిన్ వింటిని. ఆ చోట తోటపల్లి కాలువకు నీరు విడుచు తేదీ చదివిరి, పార్వతీపురము వైపు రైతులు దానికొఱకే ఎదురుచూచుచుండిరి. డెస్కుకు ఫోను చేయలేదు.