కసాపురం రాతిలో ద్వైతం

శ్రావణమాసం వస్తే గుంతకల్లు చుట్టుపక్కల రోడ్లన్నీ కిక్కిరిసిపోతాయి. కసాపురం, మురడి, నేమకల్లు ఆంజనేయస్వాములను ఒకే రోజులో దర్శించుకుంటే పుణ్యమని ఇక్కడివాళ్ల నమ్మకం. మూడూ వ్యాసరాయలు ప్రతిష్ఠించినవేనంటారు. అలా తిరిగే వేరుశనగ రైతును ద్వైతమంటే ఏమిటని అడిగితే నవ్వి ఊరుకుంటాడేమో. ఆయన చేతులెత్తి మొక్కే రాతిలోనే ఆ సిద్ధాంతం ఉంది.

ఉడుపి దగ్గర 13వ శతాబ్దంలో పుట్టిన మధ్వాచార్యులు జీవుడు వేరు, దేవుడు వేరు అన్నారు. అదే ద్వైతం. జీవుల్లోనూ తారతమ్యాలున్నాయి; అందరికంటే పైమెట్టు వాయుదేవుడిది. ఆయనే త్రేతాయుగంలో హనుమంతుడు, ద్వాపరంలో భీముడు, కలిలో మధ్వుడు. ఆ మతపీఠంలోని వ్యాసరాయలు విజయనగర ఆస్థానంలో మన్ననలందుకుని 1539లో కన్నుమూశారు. పండితుల కోసం న్యాయామృతం, తర్కతాండవం రాశారు. న్యాయామృతానికి జవాబు చెప్పడానికి మధుసూదన సరస్వతి అద్వైతసిద్ధి రాయాల్సి వచ్చింది. ఊళ్లకు మాత్రం వ్యాసరాయలు హనుమంతుడి విగ్రహాలిచ్చారు. అవి 732 అని సంప్రదాయం లెక్క. నాకు ఆ అంకె కన్నా విగ్రహం తీరే ముఖ్యం.

దాన్ని గుర్తుపట్టడం తేలిక. రాతిపలక మీద ఉబ్బెత్తుగా చెక్కిన రూపం. ముఖం పక్కకు తిరిగి ఒక కన్నే కనిపిస్తుంది. కుడిచేయి అభయమిస్తుంది, ఎడమచేతిలో కాడతో పువ్వు. తోక తలమీదుగా వంగి, దాని కొసన చిన్న గంట. తల వెనక ముడివేసిన జుట్టు. తోక హనుమంతుడిదని వేరే చెప్పక్కర్లేదు. పువ్వు ద్రౌపది కోసం భీముడు తెచ్చిన సౌగంధికమని, ముడిజుట్టు మధ్వులకు గుర్తని మాధ్వులు వివరిస్తారు. మూడు అవతారాలు ఒకే రాతిలో! సిందూరం, వెండి తొడుగు, తమలపాకుల దండ పడ్డాక ఇవేవీ కనపడవు కాబట్టి చూడాలనుకున్నవాళ్లు అభిషేకం వేళకే వెళ్లాలి.

కరువుసీమకు ఈ పద్ధతి బాగా ఒదిగింది. పెద్ద గుడి కట్టాలంటే వెనక పెద్ద చెయ్యి ఉండాలి. హేమావతి శివాలయాలకు నొళంబ రాజులు, లేపాక్షి వీరభద్రుడికి అచ్యుతరాయల అధికారి విరూపణ్ణ ఉన్నారు. ఆంజనేయుడికి ఒక రాయి, ఒక శిల్పి, ఒక దీపం చాలు. రాళ్లకు అనంతపురంలో ఏం కొదవ! కసాపురం స్థలపురాణంలోనూ ఎండిన వేపచెట్టే ఉంది. వ్యాసరాయలకు స్వామి కలలో కనిపించి, ఆ చెట్టు చిగురించిన చోట తవ్వమన్నాడట.

అంతమాత్రాన ఈ ఊళ్లు మాధ్వమతంలో చేరిపోలేదు. వీరశైవులూ వస్తారు, బోయలూ వస్తారు, ఎవరి కులదేవత వాళ్లకుంది. మధ్వుల లెక్కలో హనుమంతుడు విష్ణువుకు దాసుడు. ఇక్కడివాళ్లు ఆయన్నే ఇంటిదేవుణ్ణి చేసుకున్నారు. పిల్లలకు హనుమంతప్ప, హనుమంతరాయుడు అని పేర్లు పెట్టుకున్నారు. కొత్త ట్రాక్టరు కొంటే పూజకు కసాపురం తోలుకెళ్తారు.