ఘాట్ రోడ్డెక్కితే మారే చట్టం

మాకవరపాలెం మండలం రాచపల్లిలో అన్‌రాక్ అల్యూమినా కర్మాగారం కట్టారు. ఏడాదికి 15 లక్షల టన్నుల అల్యూమినా తీయాలని తలపెట్టిన కర్మాగారం అది. అందుకు కావలసిన బాక్సైటు చింతపల్లి, జెర్రెల కొండల్లో ఉంది. నర్సీపట్నం దాటి డౌనూరు మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కితే చింతపల్లి వచ్చేస్తుంది. రోడ్డుంది, పెట్టుబడి ఉంది, ప్రభుత్వాల పూనికా ఉంది. అయినా ఆ కొండల ఖనిజం రాచపల్లికి దిగలేదు. అక్కడి జనం ఒప్పుకోలేదు, వాళ్లకు దన్నుగా ఒక చట్టం నిలబడింది. ఆ చట్టం ఎలా అల్లారో, ఎందుకు అల్లారో మైదానంలో ఉన్న మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోదగ్గ సంగతి అది.

న్యాయశాస్త్రం పుస్తకం తెరిస్తే మొదట కనిపించే విభజన ఇంగ్లిషు వాళ్ల కామన్ లా, ఫ్రెంచి వాళ్ల సివిల్ లా. మొదటిదానిలో పాత తీర్పులే కొత్త తీర్పులకు దారి చూపిస్తాయి, రెండోదానిలో కోడ్ రాసిందే ప్రధానం. ఆ రెండు ఏలుబడుల చట్టాల తేడా తెలుగువాళ్లు సొంత గడ్డ మీదే చూశారు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి బాల్యవివాహాలను అడ్డుకుంటే, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెళ్లిళ్ల కోసం ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాం వెళ్లేవారు. కానీ అంతకంటే లోతైన తేడా అనకాపల్లి జిల్లా అంచున, ఘాట్ రోడ్డు మొదట్లో ఉంది.

ఒక ఎకరం జీడితోట తీసుకుందాం. అది మాకవరపాలెంలో ఉంటే కొనేవాడు ఈసీ తీయిస్తాడు, అడంగల్, 1బి చూసుకుంటాడు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు. తగువొస్తే సివిల్ కోర్టు. అక్కడ మొదటి సూత్రం ఏమిటంటే, భూమి ఎవరి స్వాధీనంలో ఉందో వాడే హక్కుదారు అని కోర్టు అనుకుంటుంది. కాదనేవాడే రుజువు చేసుకోవాలి. 1872 నాటి సాక్ష్య చట్టం 110వ సెక్షన్ చెప్పింది ఇదే, 2024 జులై నుంచి దాని స్థానంలోకి వచ్చిన కొత్త చట్టమూ ఇదే చెబుతోంది. ఇంకొకరి భూమిని బాహాటంగా పన్నెండేళ్లు అనుభవిస్తే అసలు హక్కుదారు దావా హక్కే పోగొట్టుకోవచ్చు.

అదే ఎకరం చింతపల్లిలో ఉండి గిరిజనేతరుడి చేతిలో ఉందనుకుందాం. ఇప్పుడు చట్టం తిరగబడి నడుస్తుంది. ఆ భూమి వాడికి ఒక గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగానే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసింది స్వాధీనంలో ఉన్నవాడు. కాగితం లేనివాడిని, చదువు రానివాడిని, కోర్టు ఖర్చు భరించలేనివాడిని సాక్ష్యం తెమ్మనడమే అన్యాయమని గుర్తించి, రుజువు భారాన్ని కాగితాలు పుట్టించగలిగినవాడి నెత్తిన పెట్టారు. ఏజెన్సీలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే 1970 నాటి మొదటి రెగ్యులేషన్ చేసిన పని ఇది. నా లెక్కలో మన రాష్ట్ర శాసనాలన్నిటిలో ఇంత ఆలోచించి రాసిన వాక్యం మరొకటి లేదు.

ఇంత దూరం రావడానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది. 1837లో గొలుగొండ జమీను శిస్తు బకాయిల కింద వేలానికి వస్తే కుంఫిణీ సర్కారే కొనుక్కుంది. రెండేళ్లకు, 1839లో 24వ చట్టం తెచ్చి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకు గవర్నర్ ఏజెంటు హోదా ఇచ్చి అప్పగించింది. ఏజెన్సీ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఇది కొండవాళ్ల మీద ప్రేమతో చేసింది కాదు, తిరుగుబాట్ల భయంతో చేసింది. మైదానం నుంచి షావుకార్లు ఎక్కి, అప్పుల కింద పంటనీ పొలాన్నీ రాయించుకోవడం మాత్రం ఆగలేదు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం చేసి, ఏజెంటు ముందస్తు అనుమతి లేనిదే కొండజాతివారి భూమిని ఇతరులకు బదలాయించడం చెల్లదంది. ఐదేళ్లకే, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. అంతకు ముందే ఆయన కొండ ఊళ్లలో తిరుగుతూ, సర్కారు కోర్టులకు పోవద్దని, తగువులు పంచాయతీల్లోనే తీర్చుకోమని చెప్పాడు. ఆ పోరాటంలో నాకు తుపాకులంత ముఖ్యంగా కనిపించేది ఈ మాటే.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఈ వేరు చట్టాన్ని కొత్త పునాది మీద నిలబెట్టింది. పార్లమెంటు చేసినదైనా, శాసనసభ చేసినదైనా ఒక చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని గవర్నరు ప్రకటించవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో ప్రత్యేక రెగ్యులేషన్లు చేయవచ్చు. 1959లో వచ్చిన రెగ్యులేషన్ అలాంటిదే. అది గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికి జరిగే బదలాయింపును అడ్డుకుంది. గిరిజనేతరుల చేతికి అప్పటికే వెళ్లిన భూమి వాళ్లలో వాళ్లు అమ్ముకోవచ్చుగా? ఆ కన్నాన్ని 1970 సవరణ పూడ్చింది. అమ్మేది ఎవరైనా సరే, కొనేది గిరిజనుడో, అందరూ గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో కావాలి. కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవాలి. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ అందులోకి వస్తాయి. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనలు రాజ్యాంగబద్ధమేనంది.

విచారణ పద్ధతీ వేరే. ఈ భూ బదలాయింపు రెగ్యులేషన్ కేసులు (ఎల్‌టీఆర్ కేసులు) విని భూమి తిరిగి ఇప్పించేది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. బాధితుడు అర్జీ పెట్టేదాకా ఆయన ఆగనక్కర్లేదు, తనంతట తానే కేసు చేపట్టవచ్చు. సివిల్ కోర్టులో జడ్జి తన ముందుకొచ్చినదే వింటాడు. ఇక్కడ న్యాయం గుమ్మం దాకా నడిచి వెళ్లవచ్చు.

పెళ్లిళ్లు, వారసత్వం సంగతి ఇంకొకటి. హిందూ వివాహ చట్టం, హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వాటంతట అవి వర్తించవు. బగత, కొండదొర, కోదు ఊళ్లలో ఓలి, విడాకులు, గట్టు తగువులు పెద్దలు కూర్చుని తేలుస్తారు, తప్పు వేస్తారు. రేపు పొద్దున మళ్లీ పక్కపక్కనే పోడు కొట్టుకోవలసినవాళ్లు కాబట్టి, గెలిపించడం కంటే కలపడం మీదే పెద్దల చూపుంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ఈ ఆనవాయితీకి గ్రామసభ ద్వారా గుర్తింపునిచ్చింది. ఆడపిల్లకు భూమిలో వాటా దగ్గరికి వచ్చేసరికి ఈ ఆచారం చాలాచోట్ల మొండిచెయ్యి చూపిస్తుంది. అది మారాలి. మార్చే పని ఆ గ్రామసభల్లోనే, ఆ ఆడవాళ్ల నోటితోనే మొదలైతే నిలుస్తుంది.

ఈ సరంజామా అంతటికీ పెద్ద పరీక్ష గనుల దగ్గర వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా, నిమ్మలపాడు వైపు ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం లీజులిస్తే, సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. 1997 జులై 11న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు మరోవైపు నిలిచి తీర్పు వచ్చింది. రెగ్యులేషన్‌లో ఉన్న ‘వ్యక్తి’ అనే మాటలో ప్రభుత్వం కూడా ఉంటుందని, కాబట్టి సర్కారు భూమినైనా గిరిజనేతర కంపెనీకి ఇవ్వడం చెల్లదని. ప్రభుత్వ సంస్థలకు మాత్రం దారి మిగిలింది.

రాచపల్లి కథ నడిచింది ఆ మిగిలిన దారిలోనే. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది, కర్మాగారానికి అమ్ముతుంది అని 2007లో యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్ల కోసం 97వ నంబరు జీవో వచ్చింది. మన్యం భగ్గుమంది. జీవోను పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు. ఈలోగా 2016లో రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ, భారత్–యూఏఈ పెట్టుబడుల ఒప్పందం కింద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి నోటీసిచ్చింది. ఆ వేదిక మీద ఇద్దరే కక్షిదారులు, పెట్టుబడిదారు, దేశం. జెర్రెల మనిషికి అక్కడ కుర్చీ లేదు. పక్క రాష్ట్రం నియమగిరిలో సుప్రీంకోర్టు మాటతో 2013లో పన్నెండు గ్రామసభలు కూర్చుని తవ్వకం వద్దన్నాయి. కొండ తవ్వకం గురించి ఎవరిని పిలిచి అడగాలన్న ఒకే ప్రశ్నకు రెండు న్యాయవ్యవస్థలు ఇచ్చిన జవాబులివి.

చట్టం ఉన్నంత మాత్రాన భూమి నిలుస్తుందని అనను. గిరిజన భార్య పేరునో, పాలికాపు పేరునో రాయించుకునే బినామీ బాగోతం ఏజెన్సీలో ఎవరినడిగినా చెబుతారు. లంబసింగికి పర్యాటకులు పెరిగాక భూముల మీద లీజుల ఒత్తిడీ పెరిగింది. కాగితం మీద లేని లీజుని పట్టుకోవాలంటే అధికారి ఊళ్లోకి వెళ్లాలి.

అంతకంటే నన్ను ఎక్కువగా కలిచివేసేది ఘాట్ కింది సంగతి. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం, మాడుగుల మండలాల్లో కొండ అంచుల వెంబడి గిరిజన గూడేలున్నాయి. మనుషులు ఆ తెగలవాళ్లే, పోడూ అదే, పేదరికమూ అదే. కానీ ఊళ్లు ఐదో షెడ్యూలు పరిధిలో లేవు. అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది, వన్ ఆఫ్ సెవెంటీ వర్తించదు. జీడితోట చెయ్యి మారితే స్వాధీనంలో ఉన్నవాడి పక్షానే చట్టం మొదలవుతుంది, రుజువు బరువు గూడెం మనిషి మీదే పడుతుంది. తమ ఊళ్లను షెడ్యూలులో చేర్చమని వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఐదో షెడ్యూలు ఆరో పేరా ప్రకారం గవర్నరును సంప్రదించి రాష్ట్రపతి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ ఫైలు కదిలించవలసింది రాష్ట్ర ప్రభుత్వం.