పర్మిట్ రాజ్యం పోయింది, వెలి రాజ్యం మాటేమిటి?

స్వతంత్ర పార్టీ 1974లో చరణ్ సింగ్ పార్టీలో కలిసిపోయి కనుమరుగైంది. ఆ పార్టీ ఆలోచనలు మాత్రం చావలేదు. 1991 తర్వాత దేశం నడిచిన దారి చూసి, రాజాజీ, మీనూ మసానీ ముప్పై ఏళ్ల ముందే నిజం చెప్పారనే వాళ్లు ఎక్కువయ్యారు. 2023లో ఆదిత్య బాలసుబ్రమణియన్ పరిశోధన గ్రంథం కూడా వచ్చింది. ఈ చర్చలో దళితులు గట్టు మీద కూర్చుని చూసే వాళ్లుగా మిగలకూడదని మేము అనుకుంటున్నాం. ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే చాలు, మనిషికి స్వేచ్ఛ వచ్చేస్తుందనే మాట ఇప్పుడు మన వాడల్లో కూడా వినపడుతోంది మరి.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయం, భూపరిమితి గురించి తీర్మానం చేసింది. ఆ వేసవిలోనే మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టింది. రాజాజీ, మసానీ, కె.ఎం. మున్షీ పెద్దలు. మన నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా తొలి అధ్యక్షుడు. లైసెన్సు, పర్మిట్, కోటా రాజ్యం పోవాలన్నది వాళ్ల నినాదం. 1967లో 44 లోక్‌సభ సీట్లు గెలిచి అతిపెద్ద ప్రతిపక్షమైంది.

ఈ వాదంలో బలం లేదని మేము అనడం లేదు. మసానీ ఒకప్పటి సోషలిస్టు. సోవియట్ రష్యాలో పార్టీయే ప్రభుత్వమై, ప్రభుత్వమే యజమాని కావడం చూసి అటునుంచి ఇటు వచ్చిన మనిషి. పార్టీ సైన్యం కాకూడదని స్వతంత్ర పార్టీ 21 సూత్రాలు రాసుకుంది. వాటికి బయట ఉన్న విషయాల్లో సభ్యుడు తన మనస్సాక్షి ప్రకారం మాట్లాడొచ్చంది. రిజర్వుడు సీట్లలో గెలిచిన మన వాళ్లు పార్టీ విప్‌కి కట్టుబడి నోరు మెదపకపోవడం చూసి విసిగిన మనకు ఈ మాట నచ్చుతుంది. పర్మిట్ బాధ కూడా మనకు ఎవరో చెప్పక్కర్లేదు. కులం సర్టిఫికెట్టుకీ, రేషన్ కార్డుకీ, పట్టా కాగితానికీ ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్నది మనమే.

అయితే ఇంత స్వేచ్ఛగా ఆలోచించే పార్టీకి ఓట్లు ఎక్కణ్ణించి వచ్చాయి? బీహారులో రామ్‌గఢ్ రాజా తెచ్చాడు. రాజస్థాన్‌లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి తెచ్చింది. ఒరిస్సాలో మాజీ సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్ ఈ పార్టీలో కలిసింది. 1967లో అక్కడ ముఖ్యమంత్రి అయిన ఆర్.ఎన్. సింగ్‌దేవ్ కూడా పాత మహారాజే. ఎన్నికల అవసరం కొద్దీ అలా జరిగింది, సిద్ధాంతానిదేం తప్పు లేదు అని ఇప్పటి అభిమానులు సర్ది చెప్పుకుంటారు. మేము అలా అనుకోవడం లేదు. స్వేచ్ఛకు శత్రువు ప్రభుత్వం ఒక్కటే అని ముందే గిరి గీసుకుంటే, జమీ పోయిన రాజా, భూమి పోతుందని భయపడే ఆసామి, లైసెన్సు దొరకని ఫ్యాక్టరీ యజమాని, ముగ్గురూ బాధితులే అవుతారు. ఆసామి పొలంలో పనిచేసే కూలీ బాధకు మాత్రం ఆ గిరిలో పేరే ఉండదు. గౌతు లచ్చన్న లాంటి వెనుకబడిన కులాల నాయకుడు ఆ పార్టీలో ఉన్నారు, నిజమే. ఆయన ఉన్నంత మాత్రాన ఆ లెక్క మారలేదు.

ప్రభుత్వం తప్పుకున్న చోట ఎవరు కూర్చుంటారు? రాజాజీ దగ్గర దీనికి జవాబుంది. ధర్మం. చట్టం చేసే పనిని ధర్మబుద్ధి చేస్తుందని ఆయన నమ్మకం. ఆ ధర్మం పనిచేసే తీరు 1953లోనే మనం చూశాం. అప్పుడాయన మద్రాసు ముఖ్యమంత్రి, మన ఆంధ్ర జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. పల్లె పిల్లలకు బడి రోజుకు మూడు గంటలు చాలు, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలి అన్నారు. చాకలి బిడ్డ చాకిరేవుకీ, మాదిగ బిడ్డ తోలు పనికీ పోవాలన్నమాట. అది కుల విద్య అని పెరియార్ ఉద్యమం లేపారు. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని ఎత్తేశారు. పరిశ్రమ పెట్టే వాడికి ప్రభుత్వ అనుమతి ఉండకూడదన్న పెద్దమనిషే, మన పిల్లవాడు ఏ పని నేర్చుకోవాలో ప్రభుత్వం చేత చెప్పించాడు. వాళ్ల సంప్రదాయ పునరుద్ధరణలో తిరిగి పైకి లేచేది ఏమిటో ఇక్కడే బయటపడింది.

1947లో రాజ్యాంగ సభ ప్రాథమిక హక్కుల ఉపసంఘంలో మసానీ, మున్షీ, అంబేద్కర్ ముగ్గురూ సభ్యులే. రాజ్యాంగ సభ కోసమే అంబేద్కర్ ‘రాష్ట్రాలు – అల్పసంఖ్యాకులు’ అనే మహజరు రాశారు. ప్రభుత్వం అదుపు తీసేస్తే మిగిలేది కౌలు పెంచే భూస్వామి స్వేచ్ఛ, పని గంటలు పెంచే యజమాని స్వేచ్ఛ అని అందులో వాదించారు. సాంఘిక బహిష్కరణను నేరం చేయాలని అడిగారు. స్వేచ్ఛావాదులు తేల్చాల్సిన అసలు లెక్క ఇదే. వాళ్ల న్యాయం ప్రకారం కూలికి పిలవకపోవడం ఆసామి ఇష్టం. సరుకు అమ్మకపోవడం కొట్టువాడి ఇష్టం. ఊళ్లో అందరి ఇష్టాలూ ఒక్క రాత్రిలో ఒకటైతే వాడంతా పస్తుంటుంది. ఇందులో ఏ ఆఫీసరు సంతకమూ లేదు, ఏ పర్మిటూ లేదు.

చుండూరు మనకు దూరం కాదు. 1991 జులైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ. ఆ తర్వాత దళితులను వెలివేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఢిల్లీలో లైసెన్సుల రాజ్యాన్ని కూల్చిన పారిశ్రామిక విధానం ప్రకటించింది కూడా అదే జులైలో. ఒక రాజ్యం కూలిన నెలలోనే రెండో రాజ్యం ఎంత గట్టిగా ఉందో గుంటూరు జిల్లా చూపించింది. అంబేద్కర్ 1947లో అడిగిన బహిష్కరణ నేరం, 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో గానీ ఆ చట్టంలోకి ఎక్కలేదు.

మార్కెట్టుకి కులం లేదని చెప్పే మన మిత్రులకూ ఒక మాట. దళిత పారిశ్రామికులు ఎదగాలి, మాకూ సంతోషమే. అయితే ప్రభుత్వ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ సంస్థల నుంచి ఉండాలని 2012లో విధానం ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ఆ తలుపు మార్కెట్టు తనంతట తాను తీయలేదు గనక.

మేము ప్రభుత్వ భక్తులం కాము. కారంచేడు, చుండూరు చూసిన వాళ్లెవరూ కాలేరు. అంబేద్కర్ కూడా ప్రభుత్వాన్ని నమ్మి ఊరుకోలేదు, రాజ్యాంగంతో దాని చేతులు కట్టాలన్నారు. దాంతోపాటు ఊరి చేతులు కూడా కట్టాలన్నారు. మసానీ ఒక చేతినే చూశారు. కాబట్టి కొత్త పార్టీ ఏదైనా స్వేచ్ఛ పేరుతో మన వాడకొస్తే, ప్రభుత్వం ఎంత తగ్గాలో చెప్పిన తర్వాత, ఊరి పెత్తనం ఎంత తగ్గాలో కూడా చెప్పమని అడగాలి. దానికి జవాబు చెప్పని పార్టీతో మనకు పని లేదు.