లక్ష్మమ్మకు ముందు ఏ పాఠం?

పెద్దల చదువుకు వాచకం రాయమంటే చాలామంది ముందు బడి పుస్తకాన్నే తెచ్చుకుంటారు. బొమ్మలు మార్చి, అ ఆ ఇ ఈ అంటూ ౠ దాకా నడిపిస్తారు. పొద్దంతా నాట్లు వేసి, వంట ముగించి, రాత్రి పలక పట్టిన లక్ష్మమ్మకు ౠతో ఏం పని? ఆమెకు కావలసింది వేలిముద్ర మాని సంతకం పెట్టడం. చిక్కల్లా ఆ పేరులోనే ఉంది: క కింద ష, దాని కింద మ, పక్కనే ఇంకో మకు మ వత్తు. వర్ణమాల వరసన పోతే వత్తులు చివరి పాఠాలు. అంతదాకా ఆమె వస్తుందా అన్నది అనుమానమే. తెలివైన టీచరు మొదటి రాత్రే పేరును ముగ్గులా దిద్దించి, అక్షరాలను తర్వాత తీరిగ్గా విడదీసి చూపిస్తుంది.

1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ లెక్క స్పష్టంగానే పెట్టింది. మూడు వాచకాలు, 200 గంటలు. ఆఖరుకు నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, చెబుతుంటే 5 మాటలు రాయాలి. ఎక్కడిదాకా వెళ్లాలో ముందే చెప్పడం మంచిదే. ఆ 30 మాటలు ఏ మాటలైతే జనం రేపు కూడా వస్తారన్నది మాత్రం కొలతల్లో దొరకదు.

దానికి నెల్లూరు చూడాలి. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, సారా పాలైన సంసారం గురించి. తాగకూడదని నీతి చెబితే ఆడవాళ్లు ఆవులించి వెళ్లిపోయేవారేమో. కథ చదివి, మన ఊళ్లో సంగతేమిటని మాట్లాడుకోవడం కూడా ఆ చదువులో భాగమే. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో ఆ మాటలు సారా దుకాణం మూయించేదాకా వెళ్లాయి. ముందు నిలిచిన రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసిపోయి దూబగుంట రోశమ్మ అయింది. ఆ సంఘటనే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా తర్వాతి పుస్తకంలోకి ఎక్కింది. చదివేవాళ్లు చేసిన పని వాళ్లకే పాఠం కావడం ఏ సిలబస్ కమిటీ ముందుగా రాసిపెట్టగలదు? పాఠం చదివిన పక్క ఊళ్లు ఊరుకోలేదు, జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

నిమిషానికి 30 మాటలు వచ్చాయా లేదా అని చూడబోయిన అధికారులకు ఇది కాస్త ఇబ్బందికరమైన ఫలితమే.

ఆ తర్వాత అదే జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. పొదుపు అన్నాక అప్పు, అప్పు అన్నాక వడ్డీ. మిషన్ వడ్డీని మరిచిపోలేదు. భిన్నాల జోలికి పోకుండా కొంత తెలిస్తే చాలని రాసింది. పల్లెలో నూటికి రూపాయిన్నర వడ్డీ అంటారు. అందులోని అర్ధ రూపాయిని ఏ పాఠంలో చెప్పాలి?